దారం పార్టీ, సెగ పార్టీ

ఫిబ్రవరి 6

ఎడమచేత్తో కూడా ముడి వేయగల మామయ్యగారికి, కాలితో పెడలు నొక్కడం తప్ప మరేమీ రాదని మీ దగ్గర పేరు తెచ్చుకున్న కోడలు నమస్కరించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అబ్బాయి వంతెన కొలతల పని మీద రోజంతా ఎండలో తిరిగి, ఇంటికొచ్చి మంచం మీద నిలువునా పడిపోతున్నాడు. మొన్న నేను ఆసుపత్రి సంగతేదో చెబుతూ "నెత్తురు" అన్నానో లేదో, చెవులు మూసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు. ఇద్దరు సర్జన్ల మధ్య ఇలాంటివాడు ఎలా ఇరుక్కున్నాడో మరి.

మీ ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన దెబ్బలాట సగంలో ఆగిపోయింది. మీరు నీళ్ళలో వేలు ముంచి బల్ల మీద అపెండిక్స్ బొమ్మ గీస్తుంటే అత్తయ్య గుడ్డ పెట్టి తుడిచేశారు. ఈలోగా బస్సుకి వేళైందని మీ అబ్బాయి నన్ను లాక్కొచ్చాడు. కాబట్టి మిగతా సగం ఇప్పుడు.

అపెండిక్స్ తీసేముందు దాని పక్కనున్న కొవ్వుతెరలో పాకే సన్నటి రక్తనాళాన్ని మూసెయ్యాలి. అక్కడిదాకా మనకి తగువు లేదు. మీరు పొట్ట మీద కోత పెట్టి, నాళాన్ని దారంతో కట్టి ముడి వేస్తారు. నేను చిన్న చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, తెర మీద చూస్తూ, పొడుగాటి పట్టకారుతో నాళాన్ని పట్టుకుని పెడలు నొక్కుతాను. కరెంటు సెగకి నాళం అతుక్కుపోతుంది. "నెత్తుర్ని కట్టాలిగానీ వేయించకూడదు అమ్మాయ్!" అన్నారు మీరు. అత్తయ్య కూడా మీతో కలిసి నవ్వారు. అది నాకింకా మండుతూనే ఉంది.

మీ షరతు నేను మర్చిపోలేదు. జూన్‌లో మీ చిన్నాసుపత్రిలో మీ ఆపరేషన్ టేబుల్ నాకు అప్పగించాలంటే, మీ కళ్ళెదుట పొట్ట తెరిచి, ఆ నాళాన్ని దారంతో కట్టి చూపించాలి. లేదంటే ఇంకో మూడేళ్ళు మీరే చేస్తారు. ఆ టేబుల్ నాకు కావాలి మామయ్యగారూ, దాపరికం ఎందుకు. ఇక్కడ పదిమంది వెనక నిలబడి తొంగిచూసీ చూసీ నా మెడ సాగిపోయింది. షరతు మాత్రం అన్యాయం.

మా పెద్ద డాక్టరుగారు నాకో పని అప్పగించారు. దారం, లోహపు క్లిప్పు, సెగ - ఈ మూడింట్లో దేంతో నెత్తురు బాగా ఆగుతుందో మా ఆసుపత్రి రోగులందరినీ పోల్చి చూసి చెప్పాలి. ఫలితం రానివ్వండి, అప్పుడు చూస్తాను మీ సంగతి.

దీంతోపాటు ఒక పెట్టె పంపుతున్నాను. మూత మీద పరికరాలు దూర్చడానికి రంధ్రాలు, లోపల కెమెరా ఉంటాయి. టీవీకి తగిలిస్తే లోపల మీ చేతిపని తెర మీద కనిపిస్తుంది. మా కొత్త డాక్టర్లు ఇందులోనే గింజలు ఏరడం, ముడి వెయ్యడం నేర్చుకుంటారు. కోప్పడకండి, సరదాకే.

సెగ పార్టీ తరఫున,
మీ కోడలు


ఫిబ్రవరి 15

వాదనలో పెద్దదీ వయసులో చిన్నదీ అయిన కోడలికి, మామయ్య దీవించి, దీవెన ఆరకముందే దెబ్బలాటకి దిగి రాయించేది.

రాయించేది అని ఎందుకన్నానంటే, నా కళ్ళజోడు బాగుకిచ్చాను. మీ అత్తయ్య చేత రాయిస్తున్నాను. మధ్యలో ఆవిడ సొంతంగా ఏమైనా కలిపితే నా పూచీ లేదు. (కలుపుతాను - అత్తయ్య.)

ఫోను చెయ్యొచ్చు కదా అంటాడు మావాడు. ఫోనులో నువ్వు అన్నిటికీ "సరే మామయ్యగారూ" అంటావు. కాగితం మీదైతే నోరు పెంచుతావు. నాకు నోరు పెంచే కోడలే ఇష్టం.

నీ పెట్టె అందింది. తాతకు దగ్గులు నేర్పుతున్నావా? నువ్వు పలక పట్టక ముందునుంచీ నేను పొట్టలు తెరుస్తున్నాను. అటక మీద పెట్టించేశాను.

ఇక నీ సెగ సంగతి. సెగ నువ్వు పెట్టిన చోటే ఉంటుందని రాసిచ్చిందా? పక్కకి పాకుతుంది. పేగు గోడకి తగిలితే ఆ రోజు ఏమీ కనిపించదు. రోగి నవ్వుతూ ఇంటికెళ్ళి, వారానికి జ్వరంతో తిరిగొస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ క్లిప్పుల గురించైతే నన్ను మాట్లాడించకు. మీ అత్తయ్య గుడ్డలారేసేది వాటితోనే. దారం అలా కాదు. బిగుస్తున్నప్పుడు ఎంత బిగిసిందో వేలికి చెబుతుంది, ఇక చాలంటుంది. నీ పెడలు నీ కాలికి ఏం చెబుతుంది?

(ఇంట్లో సంచుల మూతులన్నీ ఈయన సర్జను ముడులే వేస్తున్నారు. ఒక్కటీ ఊడదు. ప్రతిదానికీ కత్తెర వెతుక్కోవాల్సి వస్తోంది - అత్తయ్య.)

షరతు షరతే. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

దారం పార్టీ అధ్యక్షుడు,
మామయ్య

ఆయన లేచి వెళ్ళారు కాబట్టి చెబుతున్నాను. పెట్టె అటక మీద లేదమ్మాయ్. ముందుగదిలో టీవీకి తగిలించి ఉంది. మధ్యాహ్నం నిద్ర మానేసి, అందులో బఠాణీ గింజలు ఏరుతూ దాన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నారు. నా సీరియల్ పోయింది. నేను చెప్పానని మాత్రం అనకు. - అత్తయ్య


మార్చి 2

బఠాణీలు ఏరే మామయ్యగారికి, ఆ మాట ఎవరు చెప్పారో చచ్చినా చెప్పని కోడలు నమస్కరించి రాసేది.

ఉత్తరం చదివి నేను మంచమ్మీద దొర్లి నవ్వాను. "ఏమైంది?" అని మీ అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "మీ నాన్నగారు మా పార్టీలో చేరుతున్నారు," అన్నాను. నమ్మలేదు. "మా నాన్న పార్టీ మారడం జరగని పని. అందులో ఇంకేదో ఉంది," అన్నాడు. వంతెనలు కొలిచేవాడికి మనుషులేం తెలుస్తారని నేను పట్టించుకోలేదు.

నా లెక్కలు సగమయ్యాయి. క్లిప్పుల విషయంలో మీదే పైచెయ్యి, ఒప్పుకుంటున్నాను. కొవ్వుతెర వాచి మందంగా ఉన్నప్పుడు క్లిప్పు మొత్తాన్నీ పట్టలేక జారుతోంది. మీరు గుడ్డలారేసే క్లిప్పులన్నారని మా పెద్ద డాక్టరుగారికి చెబితే, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వారు. మిమ్మల్ని చూడాలన్నారు.

అందుకని ఒక మనవి. ఈ నెలాఖరుకి ఒకసారి రండి. నేను ఆపరేషన్ చేస్తాను, కెమెరా మీరు పట్టుకోండి. మా ఆపరేషన్ థియేటర్లో అందరికీ చెప్పేశాను, "మా మామయ్యగారు వస్తున్నారు, ఆయన పట్టిన కెమెరాతో నేను చేస్తాను," అని. అందరూ ఎదురుచూస్తున్నారు. అన్నట్టు, కళ్ళజోడు వచ్చిందా?

కొత్త సభ్యుడికి స్వాగతంతో,
మీ కోడలు


మార్చి 11

కోడలికి దీవెనలు.

కెమెరా పట్టుకోవడం నిన్నగాక మొన్న చేరినవాళ్ళ పని. పదిమందిలో నన్ను నిలబెట్టి ఆడించాలని నీకెందుకు తోచిందో తెలియదు. నాకు తీరిక లేదు, రాను. నీ పెట్టె తిరిగి పంపుతున్నాను.

మామయ్య


మార్చి 19

మామయ్యగారికి కోడలు నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం పదిసార్లు చదివాను. అత్తయ్య చేతిరాతే, కాని ఆవిడ మాట ఒక్కటీ లేదు. ఫోను చేస్తే "బాగానే ఉన్నాం అమ్మాయ్" అని పెట్టేశారు.

మిమ్మల్ని ఆడించాలని పిలవలేదు. నా పక్కన మీరు నిలబడితే నాకు గొప్ప. అది మీకు అర్థం కాకపోతే ఎలా? "ఆయన రారు" అని థియేటర్లో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. మీ అబ్బాయి ఎందుకని అడిగితే ఉల్లిపాయలన్నాను. ఇంట్లో ఉల్లిపాయలే లేవు.

పెట్టె తెరిచాను. లోపల మూల నాలుగు బఠాణీలు, ఒక దారం ముక్క ఉన్నాయి. దారం పొడుగునా సగం సగం వేసి వదిలేసిన ముడులు. ఒక్కటీ పూర్తి కాలేదు. ఓపిక లేక విసిరికొట్టారన్నమాట. మీరు నన్నెన్ని అన్నా పడ్డాను. ఇప్పుడు నేనొక మాటంటాను, కోప్పడినా సరే. ఆడలేక మద్దెల ఓడనడం మీకు తగదు.

కోపంతో ఉన్న
మీ కోడలు


మార్చి 30

కోడలికి దీవెనలు.

జూన్ దాకా ఆగనక్కర్లేదు. వచ్చే నెల కుదిరినప్పుడు వచ్చి టేబుల్ తీసుకో. షరతు లేదు. దారమో సెగో నీ ఇష్టం.

టేబుల్ ఎడమవైపు మర కొంచెం మొండిది. కాలితో తంతే దిగుతుంది, చేత్తో లాగితే దిగదు. పెద్ద సిస్టర్ మాట వింటే బాగుపడతావు. నాకు ముందునుంచీ అన్నీ అందిస్తున్న మనిషి ఆవిడే.

మామయ్య


ఏప్రిల్ 4

టేబుల్ ఇచ్చిన మామయ్యగారికి, తీసుకోబోతున్న కోడలు గంతులేస్తూ రాసేది.

ముందు ఒకటి తేల్చండి, అలిగి ఇచ్చారా, ఓడి ఇచ్చారా? ఓడి ఇచ్చారనే నా నమ్మకం. నా ఉత్తరంలో ఆ చివరి మాట బాగా తగిలినట్టుంది!

ఫలితాలు కూడా వచ్చాయి. నవ్వకండి. నెత్తురు పోవడంలో దారానికీ సెగకీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలలేదు. సెగతో పని కాస్త ముందు ముగుస్తుంది. దారానికి ఖర్చు లేదు. క్లిప్పు మాత్రం వాచిన కొవ్వుతెరలో వెనకబడింది. ఇన్నాళ్ళూ మనం జుట్టూ జుట్టూ పట్టుకున్నది దీనికా అని నాకు నీరసం వచ్చింది. "ఎవరి చేతికి ఏది అలవాటో వాళ్ళకి అది మంచిది, రాసెయ్యి," అన్నారు మా పెద్ద డాక్టరుగారు.

అయినా గెలుపు నాదే, టేబుల్ నాకు వచ్చింది కదా. మీరు ఇక హాయిగా ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోండి. ఎన్నాళ్ళని నిలబడతారు!

విజయోత్సాహంతో,
మీ కోడలు


ఏప్రిల్ 10

కోడలికి, మామయ్య తన చేత్తో రాసేది.

అక్షరాలు చూశావు కదా. నీకు సగం సంగతి ఈ పాటికే తెలిసిపోయి ఉంటుంది. కళ్ళజోడుకి ఏమీ కాలేదు.

మద్దెల ఓడు కాదమ్మా, చెయ్యే ఓడు. కొన్నాళ్ళుగా నాకు అనుమానంగానే ఉంది. తెరిచిన పొట్టలో మణికట్టు ఏదో ఒక అంచుకి ఆన్చుకోవచ్చు, అప్పుడు వణుకు తెలియదు. పెద్ద సిస్టర్‌కి తెలుసనుకుంటాను. ఈ మధ్య దారం కొన నా వేళ్ళమధ్య ఆవిడే పెట్టి, తన వేలితో కాస్త అదిమి వదిలేది. ఇద్దరం ఆ మాటెత్తలేదు. నీ పెట్టెలో ఆన్చుకునే అంచు లేదు. టీవీ మీద పట్టకారు కొన ఇంత పెద్దదై, చలికి వణికినట్టు వణికింది. మొదట టీవీ పాడైందనుకున్నాను. మీ అత్తయ్య చేత పట్టించాను. ఆవిడ పట్టుకుంటే నిలకడగా ఉంది. గింజ టక్కున ఏరింది కూడా. ఆవిడ సంతోషపడి చప్పట్లు కొట్టింది. అప్పుడు నా మొహం చూసింది.

ఫిబ్రవరి నెలాఖరుదాకా రోజూ ప్రయత్నించాను. ఒక్క ముడీ పూర్తి కాలేదు. ఆ తర్వాత కత్తి పట్టలేదు. వచ్చినవాళ్ళని పక్కాసుపత్రికి పంపుతున్నాను. నువ్వు కెమెరా పట్టుకోమన్నావు. నేను కెమెరా పట్టుకుంటే ఆ తెర మొత్తం వణికేది, నీ వాళ్ళందరి ముందూ. అందుకని దురుసుగా రాయించాను. రాయనని మీ అత్తయ్య మొండికేసింది. చివరికి రాసింది గానీ ఆ పూట నాతో మాట్లాడలేదు.

నీ మీద నాకు కోపం లేదు. దిగులుగా ఉంది, అంతే. పొద్దున్నే లేచి చేతులు కడుక్కుని, ఇక ఎందుకు కడుక్కున్నానా అని నిలబడిపోతున్నాను. టేబుల్ నువ్వు గెలవలేదు, నేను ఓడలేదు. దానికి మనిషి కావాలి. మావాడికి మెల్లిగా చెప్పు.

మామయ్య

చప్పట్లు కొట్టకుండా ఉండాల్సిందమ్మాయ్. - అత్తయ్య


ఏప్రిల్ 14

మామయ్యగారికి, బుద్ధి తక్కువ కోడలు పాదాలంటి రాసేది.

టీవీ చూసుకోమన్నాను కదూ. ఆ మాట గుర్తొస్తే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తోంది. ఏ దారంతో కుట్టాలో మీరే చెప్పండి.

మీ అబ్బాయికి చెప్పాను. చెవులు మూసుకోలేదు. మొత్తం విన్నాడు. తర్వాత బాల్కనీలో చాలాసేపు నిలబడి వచ్చి, "అందులో ఇంకేదో ఉందని నేను అప్పుడే అన్నాను," అన్నాడు. అన్నాడు మరి.

ఇప్పుడు నా సంగతి. మీరు నిజం రాశాక నేను దాచడం న్యాయం కాదు. దారాన్ని నేను వెక్కిరించింది అది పాతదని కాదు, నాకది సరిగ్గా రాదు. పైన చర్మం మీద ఎన్ని ముడులైనా వేస్తాను. పొట్ట లోతులో, తడిలో, వేళ్ళు కనిపించని చోట రెండో ముడి బిగించేలోపు మొదటిది వదులైపోతుంది. అలా కట్టాల్సి వచ్చినప్పుడల్లా ఎదురుగా పెద్ద డాక్టర్లెవరో నిలబడి ఉండేవారు, చివర్లో వాళ్ళే బిగించేవారు. మీ షరతు విన్నప్పుడే నాకు చెమటలు పట్టాయి. అన్యాయమని అరిచింది అందుకే.

మీ ఆసుపత్రిలో నాకు ఎదురుగా ఎవరుంటారు? సెగకి నెత్తురు ఆగని రోజున, తెర మీద కుదరని రోజున, పొట్ట తెరిచి కట్టాల్సింది నేనొక్కదాన్నే. నాకు భయంగా ఉంది. కాబట్టి ఇప్పుడు షరతు నాది. నేను ఆపరేషన్ చేసేటప్పుడు మీరు లోపల ఉండాలి. ఈలోగా ఇంట్లో లోతైన డబ్బాలో చెయ్యి పెట్టి ముడులు వేస్తున్నాను. మీ అబ్బాయి డబ్బా పట్టుకుంటున్నాడు, కళ్ళు మూసుకుని. అందులో నెత్తురేమీ లేదని ఎంత చెప్పినా వినడు.

మీ
కోడలు


ఏప్రిల్ 20

డబ్బాలో చెయ్యి పెట్టిన కోడలికి, మామయ్య దీవించి రాసేది.

రెండో ముడి వేసేదాకా మొదటిదాన్ని బిగువు వదలకుండా పట్టుకోవాలి. అది ఒకచేతి పని కాదు. దారానికి నూనె రాసి వెయ్యి. జారనీ. జారితేనే వస్తుంది. పూర్తయిన ముడులు నాకు పంపు, చూస్తాను.

నీ షరతు మాత్రం ఒప్పుకోను. ఆసుపత్రి దాకా వస్తాను, బయట బెంచీ మీద కూర్చుంటాను. లోపలికి రాను. లోపల నిలబడితే నా చెయ్యి ఊరుకోదు, ముందుకొస్తుంది. అది ఇప్పుడు ముందుకు రాకూడదు. నన్ను బలవంతపెట్టకు.

(వెళ్తారులే. టోపీ, మాస్కు ఉతికి జేబులో పెట్టుకున్నారు - అత్తయ్య.)

మామయ్య


మే 3, ఆపరేషన్ గది

మామయ్యగారికి, మీ కోడలు చెబుతుంటే పెద్ద సిస్టర్ రాసేది. నా చేతులకి గ్లౌజులున్నాయి. సిస్టర్ బయట బెంచీ దగ్గరికి వచ్చి పిలిస్తే "నేను రిటైరయ్యానని చెప్పు" అన్నారట. అందుకే ఈ చీటీ.

ఏమీ కంగారు లేదు. రోగి బాగున్నాడు. నాళం సెగతో మూసుకుంది, చుక్క నెత్తురు లేదు. మిగిలింది అపెండిక్స్ మొదలు, పేగుకి అతికిన చోటు. అక్కడ సెగ పెట్టను. మీరు రాసిన పేగు గోడ మాట గుర్తుంది. దారపు ఉచ్చు వెయ్యాలి. కాని మొదలు కూడా వాచి మెత్తబడింది. ఉచ్చు బిగిస్తే నిలుస్తుందో, కోసుకుపోతుందో నాకు తేలడం లేదు. కోసుకుపోయేదైతే ఇప్పుడే పొట్ట తెరుస్తాను. తెరిచి కట్టగలను. డబ్బాలో నూనె రాసినా జారడం లేదు ఇప్పుడు. కాని తెరవాలో వద్దో నాకు తెలియదు. ఇలాంటి మొదళ్ళు మీరు వందలు చూశారు.

చేతులు అక్కర్లేదు మామయ్యగారూ. మీరు తెర వైపు చూసి ఒక్క మాట చెబితే చాలు.

కోడలు


అదే చీటీ వెనకవైపు

ఉచ్చు వెయ్యకు. తెరవకు. నేను చూసేదాకా ఏదీ చెయ్యకు.

టోపీ పెట్టుకున్నాను. మాస్కు తాళ్ళు తల వెనక ముడి పడటం లేదు. సిస్టర్‌ని ఒక్కసారి బయటికి పంపు, కట్టి వెళ్తుంది.

మామయ్య